జ్వరం సాయంత్రం వస్తుంది, డాక్టరు పొద్దున చూస్తారు

కీళ్ల జబ్బులు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 31. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. మావారు లారీ మీద వెళ్తారు. ఆరేళ్ల బాబు ఉన్నాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి నాకు గొంతునొప్పి పట్టుకుంది. నాలుగు రోజులకు జ్వరం మొదలైంది. రోజూ సాయంత్రం ఐదు, ఆరు మధ్య చలి పెట్టి 103 దాకా వస్తుంది. రాత్రి పదింటికి చెమటలు పోసి దిగిపోతుంది. తెల్లారేసరికి ఏమీ లేనట్టే లేచి వంట చేస్తాను. మణికట్లు, మోకాళ్లు ఒకటే నొప్పి. కత్తెర పట్టుకోలేకపోతున్నాను. జ్వరం వచ్చినప్పుడు పొట్ట మీద, చేతుల మీద ఎర్రటి మచ్చలు వస్తాయి. పొద్దుటికి ఉండవు. లంగా బొందు కట్టుకునే చోట మాత్రం చారలా కనిపిస్తాయి.

మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అని వారం రోజులు ఇంజెక్షన్లు చేశారు. మధ్యలో వేరే ఇంజెక్షన్ ఒకటి చేస్తే రెండు రోజులు జ్వరమే రాలేదు. మూడో రోజు మళ్లీ మామూలే. తర్వాత పట్నంలో రెండు ఆస్పత్రులు తిరిగాం. ఒకచోట టీబీ కావచ్చన్నారు. మూడోచోట ఎనిమిది రోజులు ఉంచి, స్కానింగులు తీసి, నడుము దగ్గర ఎముకలోకి సూది గుచ్చి పరీక్ష చేసి, చివరికి ‘అడల్ట్ ఆన్‌సెట్ స్టిల్స్ డిసీజ్’ అన్నారు. తెల్లకణాలు 19,800, అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం, ఈఎస్‌ఆర్ 110, ప్లేట్‌లెట్లు 5 లక్షల 20 వేలు, లివర్ పరీక్షలు కొంచెం ఎక్కువ, ఫెర్రిటిన్ 6,840. ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎన్‌ఏ లేవన్నారు. రోజుకు 40 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ రాశారు. ఇంకా మొదలుపెట్టలేదు.

ఈ జబ్బు పేరు మా చుట్టాల్లో ఎవరూ వినలేదు. ఫెర్రిటిన్ అంటే ఐరనేనని మా ఆడపడుచు గోంగూర, తోటకూర మాన్పించింది. స్టెరాయిడ్ మొదలెడితే జీవితాంతం వదలదంటున్నారు. మాకు ఇంకో బిడ్డ కావాలని ఉంది. ఇది నిజంగా ఆ జబ్బేనా? తగ్గుతుందా? నేను మళ్లీ మిషను తొక్కగలనా?

– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక్కమాట. ఆ స్టెరాయిడ్ మొదలుపెట్టండి. ఈ పత్రిక మీ చేతికొచ్చేదాకా ఆగకూడదని మీరిచ్చిన నంబరుకు పత్రికవాళ్లతో ఫోన్ చేయించాను. మీవారు ఎత్తారట. మిగతాది ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

మీరు రాసిన వివరాలు చూస్తే మూడో ఆస్పత్రి డాక్టర్లు చెప్పిందే సరైనదిగా కనిపిస్తోంది. మిమ్మల్ని కళ్లతో చూడకుండా అంతకుమించి అనకూడదు. ఒకటి మాత్రం చెప్పాలి. మీరు ఉత్తరంలో రాసినంత వివరంగా మొదటి ఆస్పత్రిలో చెప్పుంటే సగం తిరుగుడు తప్పేది. తప్పు మీదని కాదు. అక్కడ ఎవరూ అడిగి ఉండరు. అడిగే తీరిక ఉన్న ఓపీలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి కనుక!

నేను పీజీ చదివే రోజుల్లో ప్రకాశం జిల్లా నుంచి పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే ఒకమ్మాయి మా వార్డులో చేరింది. నెలన్నరగా జ్వరం. మా పెద్ద డాక్టరు గారి రౌండ్స్ పొద్దున తొమ్మిదింటికి. అప్పటికి ఆ అమ్మాయి జడేసుకుని, మంచం మీద కూర్చుని, పక్క మంచం ముసలమ్మకి ఇడ్లీ తినిపిస్తుండేది. ఒళ్లు చల్లగా ఉండేది, చర్మం శుభ్రంగా ఉండేది. “ఈ పిల్లకి జ్వరమెక్కడుందయ్యా?” అనేవారాయన. చివరికి ఏమీ తేలక, మన దేశంలో తేలని జ్వరాలన్నిటికీ చేసినట్టే టీబీ మందులు మొదలుపెట్టాం. పదకొండో రోజున నేను కేస్ షీట్ తిరగేస్తుంటే సాయంత్రం డ్యూటీ సిస్టరమ్మ చేతిరాత కనిపించింది. ‘6.30కి టెంపరేచర్ 103.4, ఛాతీ మీద మచ్చలు.’ ఒక్కరోజు కాదు, వరసగా ఆరు రోజులు రాసి పెట్టింది. మేమెవరం చదవలేదు. ఆ సాయంత్రం నేను వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ఆరు దాటాక చలి మొదలైంది. అరగంటలో మచ్చలు, నా కళ్లముందే.

అందుకే ఈ జబ్బు గురించి నేను ఎక్కడ మాట్లాడినా ముందు చెప్పేది పరీక్షల గురించి కాదు, టైము గురించి. జ్వరం సాయంత్రం వస్తుంది, డాక్టరు పొద్దున చూస్తారు. మధ్యలో ఉన్నదంతా మాయమైపోతుంది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కెమెరా ఫోను ఉంది. జ్వరం వచ్చినప్పుడు మచ్చలు ఫోటో తీసి, థర్మామీటర్‌లో ఎంతుందో, గంట ఎంతో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. వారం రోజుల కాగితం ఒక స్కానింగ్ కన్నా ఎక్కువ చెబుతుంది. చాలామందిలో జ్వరం ఇలా రోజుకొకసారి, ఎక్కువగా సాయంత్రం వస్తుంది. కొందరిలో రోజుకు రెండుసార్లు. దిగినప్పుడు పూర్తిగా దిగిపోతుంది. టైఫాయిడ్‌లో అలా కాదు. జ్వరం కొంచెం తగ్గినా అడుగున ఉంటూనే ఉంటుంది.

టైఫాయిడ్ మాట వచ్చింది కాబట్టి మీ ఆర్‌ఎంపీ గారు చేయించిన పరీక్ష గురించి కూడా. అది వైడాల్ అయ్యుంటుంది. మన ప్రాంతంలో ఆ పరీక్ష 1:80 అని వచ్చిందంటే దానికి పెద్ద అర్థం లేదు. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌కీ, వేరే జ్వరాలకీ కూడా అలా రావచ్చు. నిజంగా తేల్చుకోవాలంటే యాంటీబయాటిక్ వేయకముందే రక్తాన్ని కల్చర్‌కి, అంటే అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకి పంపాలి. పైగా టైఫాయిడ్‌లో తెల్లకణాలు సాధారణంగా మామూలుగానో తక్కువగానో ఉంటాయి. మీకు 19,800. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మీకు ఐదు లక్షలు దాటాయి. చికున్‌గున్యాలో కీళ్లు నెలల తరబడి పీకుతాయి గానీ జ్వరం కొద్ది రోజులే. టీబీ ఒక్కటే మీ కేసులో గట్టిగా అనుమానించదగ్గది. అందులోనూ సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటాయి. అందుకే స్కానింగులు తీశారు. స్క్రబ్ టైఫస్ అయితే ఒంటి మీద ఎక్కడో ఒకచోట పురుగు కుట్టిన నల్లటి పొక్కు కోసం వెతుకుతాం. చంకలో, జాకెట్ అంచు కింద కూడా చూడాలి. ఆడవాళ్లు సిగ్గుపడి చూపించరు, మగ డాక్టర్లు మొహమాటపడి అడగరు.

నడుము ఎముకలోంచి తీసిన పరీక్ష మీకు అన్యాయంగా అనిపించి ఉంటుంది. ఆ డాక్టరు అది చేయకుండా స్టెరాయిడ్ రాసి ఉంటే నేను తప్పు పట్టేదాన్ని. లింఫోమా లాంటి రక్త సంబంధమైన క్యాన్సర్లు కూడా ఇలాగే జ్వరంతో, మెడలో బిళ్లలతో వస్తాయి. స్టెరాయిడ్ వేస్తే అవీ కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తాయి. తర్వాత పరీక్ష చేసినా జాడ సరిగ్గా దొరకదు. మీకు రెండు రోజులు జ్వరం ఆపిన ఆ ‘వేరే ఇంజెక్షన్’ బహుశా డెక్సామెథసోన్. అది కూడా స్టెరాయిడే. జ్వరం తగ్గించిందని ఆయన మీద నమ్మకం పెరిగింది కదూ? నిజానికి జబ్బును ఇంకో రెండు వారాలు దాచిపెట్టింది.

ఇక జబ్బు సంగతి. లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టరు 1897లో 22 మంది పిల్లల్లో కీళ్లవాపు, జ్వరం, బిళ్లలు కలిసి రావడం గురించి రాశారు. ఆయన పేరే జబ్బుకు పెట్టారు. పెద్దవాళ్లలో కూడా అచ్చం ఇలాగే వస్తుందని 1971లో ఎరిక్ బైవాటర్స్ 14 మంది రోగుల గురించి రాశాక గానీ పెద్దగా తెలియలేదు. పిల్లలదీ పెద్దలదీ రెండూ ఒకే జబ్బుగా చూడాలని 2024లో యూరప్ కీళ్ల డాక్టర్ల సంఘాలు తమ సూచనల్లో చెప్పాయి. అరుదైన జబ్బే. ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతంలో లెక్క తీస్తే ఏడాదికి ప్రతి పది లక్షల మందిలో కొత్తగా ఇద్దరికి లోపే వచ్చింది. మీ చుట్టాల్లో ఎవరూ వినకపోవడంలో వింత లేదు. కొందరు ఎంబీబీఎస్ డాక్టర్లు కూడా పుస్తకంలో తప్ప చూసి ఉండరు.

మన ఒంట్లో రోగక్రిములు దూరగానే మొదట పరిగెత్తే కాపలా వ్యవస్థ ఒకటుంటుంది. శత్రువు ఎవరో చూడకుండా ముందు మంట పెట్టేసేది అదే. స్టిల్స్ జబ్బులో ఆ కాపలా దొంగ లేకుండానే కేకలు పెడుతుంది. ఆ కేకలే ఇంటర్‌ల్యూకిన్ 1, 6, 18 అనే పదార్థాలు. జ్వరం, మచ్చలు, కీళ్లవాపు, తెల్లకణాలు పెరగడం అన్నీ వాటి పనే. ఒకరి నుంచి ఒకరికి అంటదు. బాబుని పక్కన పడుకోబెట్టుకోండి.

దీన్ని ఖాయం చేసే ఒకే ఒక్క పరీక్ష లేదు. జపాన్‌లో యమగూచి, ఆయన సహచరులు 1992లో ఒక లెక్క పెట్టారు, ఇప్పటికీ అదే ఎక్కువగా వాడతాం. 39 డిగ్రీలు, అంటే మన థర్మామీటర్‌లో 102 పైన జ్వరం వారం దాటి ఉండటం, కీళ్ల నొప్పులు రెండు వారాలు దాటడం, వచ్చిపోయే మచ్చలు, తెల్లకణాలు పదివేలు దాటి అందులో 80 శాతం పైగా న్యూట్రోఫిల్స్ జాతివే కావడం, ఇవి నాలుగూ పెద్ద లక్షణాలు. గొంతునొప్పి, బిళ్లలు లేదా స్ప్లీన్ వాపు, లివర్ పరీక్షల్లో తేడా, మిగతా కీళ్ల జబ్బుల్లో రక్తంలో తరచూ కనిపించే ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎన్‌ఏ లేకపోవడం చిన్నవి. మొత్తం ఐదు ఉండాలి, అందులో రెండైనా పెద్దవి కావాలి. మీకు పెద్దవి నాలుగూ ఉన్నాయి, చిన్నవి మూడు. కాకపోతే ఈ లెక్క వేసే ముందు ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్, లూపస్ లాంటి మిగతా కీళ్ల జబ్బులు కాదని తేల్చుకోవాలి. మీ ఎనిమిది రోజులు అందుకే పట్టాయి.

మచ్చల గురించి ఒక ముచ్చట. మేం చదువుకున్న పుస్తకాల్లో ఇవి ‘సాల్మన్ చేప రంగు’లో ఉంటాయని రాసి ఉంటుంది. మీ గోదావరివాళ్లకి పులస గురించి అడిగితే రంగు, రుచి, పులుసు పెట్టే పద్ధతి అన్నీ చెబుతారు గానీ సాల్మన్ ఎవరు చూశారు? నేను మొదటిసారి ఆ చేపను చూసింది యాభై ఏళ్ల వయసులో, ఒక సూపర్ మార్కెట్ ఐసు పెట్టెలో. తెల్లవాళ్ల ఒంటి మీద ఆ లేత గులాబీ రంగు తెలుస్తుంది. మన చామనఛాయ మీద కాస్త ఎర్రగానో, చుట్టుపక్కల కన్నా కొంచెం ముదురుగానో ఉంటుంది, ట్యూబ్‌లైట్ వెలుతురులో అసలు కనిపించకపోవచ్చు. ఫోటో తీసేటప్పుడు కిటికీ దగ్గర పగటి వెలుగు ఉండగానే తీయండి. లంగా బొందు చోట చారలా వస్తున్నాయని మీరు రాశారు చూడండి, అది చాలా మంచి గమనిక. ఈ మచ్చలు ఒరిపిడి ఉన్నచోట, గోకినచోట గీతలా తేలతాయి. ఆ ముక్క రాసినందుకు మీకు మెచ్చుకోలు.

ఫెర్రిటిన్ సంగతి మీ ఆడపడుచుకి నా మాటగా చెప్పండి. ఫెర్రిటిన్ ఐరన్ దాచుకునే డబ్బా లాంటిదే, నిజమే. ఒంట్లో వాపు, మంట ఎక్కువైనప్పుడు ఐరన్‌తో పని లేకుండా కూడా ఆ డబ్బాలు వేలల్లో తయారవుతాయి. గోంగూర తింటే 6,840 రాదు, మానేస్తే తగ్గదు. పచ్చడి వేసుకుని తినండి. ఇంత చెప్పాక ఇంకో సంగతి: యమగూచి లెక్కలో ఫెర్రిటిన్ అసలు లేనే లేదు. చాలా ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది, మందు పని చేస్తోందా లేదా చూడటానికి పనికొస్తుంది, అంతే.

స్టెరాయిడ్ భయం గురించి. 40 మిల్లీగ్రాములు మామూలు మోతాదే. కిలోకి అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా ఇస్తాం. సరిగ్గా పని చేస్తే చాలామందికి కొద్ది రోజుల్లోనే జ్వరం ఆగిపోతుంది. మొహం కొంచెం గుండ్రంగా అవుతుంది, ఆకలి పెరుగుతుంది, నిద్ర తగ్గుతుంది, షుగర్, బీపీ పెరగొచ్చు. ఇవన్నీ మోతాదు తగ్గించేకొద్దీ తగ్గుతాయి. పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి వేసుకోండి. ఊరగాయలు, అప్పడాలు తగ్గించండి. కాల్షియం, విటమిన్ డి రాయకపోతే అడిగి రాయించుకోండి. అసలు ప్రమాదం వేసుకోవడంలో కన్నా హఠాత్తుగా మానేయడంలో ఉంది. కొన్ని వారాలు వాడాక ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోతుంది. చుట్టాలెవరో చెప్పారని ఒక్కరోజులో ఆపేస్తే జబ్బు తిరగబడటమే కాదు, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. వారం వారం మెట్లు దిగినట్టు డాక్టరే దించుతారు.

జీవితాంతం అన్నది అందరికీ కాదు. ఈ జబ్బు మూడు రకాలుగా నడుస్తుంది. కొందరికి ఒకే విడత వచ్చి, నెలల్లో తగ్గి, మళ్లీ రాదు. కొందరికి ఏళ్ల మధ్య ఎడంతో మళ్లీ మళ్లీ వస్తుంది. ఇంకొందరిలో జ్వరం పోయి కీళ్లలో మిగిలిపోతుంది, ముఖ్యంగా మణికట్టులో. మూడో దారిలో పడకుండా చూసుకోవడమే మీ విషయంలో ముఖ్యం, మీ తిండి మణికట్టు మీదే కదా. కత్తెర పట్టుకోలేకపోవడం ఆరు వారాలు దాటి ఉంటే మణికట్లకు ఒకసారి ఎక్స్‌రే తీయించమని అడగండి. నొప్పి తగ్గేదాకా కత్తిరింపు పని ఎవరికైనా అప్పగించి మీరు మిషను మీద కూర్చోండి. మోటారు పెట్టించుకుంటే మోకాళ్లకు కూడా హాయి. నేను అలా చెప్పిన ఒకావిడ ఇప్పుడు మోటారు లేనిదే కుట్టదు.

రెండో బిడ్డ మాట మీ డాక్టరుకు చెప్పారా? చెప్పి ఉండరు. స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు తోడుగా మెథోట్రెక్సేట్ ఇవ్వడం మా అలవాటు. అది వాడుతూ గర్భం దాల్చకూడదు, బిడ్డకు ప్రమాదం. మానేశాక కూడా కొన్నాళ్లు ఆగాలి. డాక్టర్లు మామూలుగా మూడు నెలలు చెబుతారు. కాబట్టి ఆ మందు చీటీ మీద పడకముందే మీ ఆలోచన చెప్పండి. జబ్బు పూర్తిగా అణిగి ఆరు నెలలు గడిచాక బిడ్డ కోసం ప్రయత్నిస్తే తల్లికీ మంచిది, బిడ్డకీ మంచిది.

స్టెరాయిడ్‌కి లొంగకపోతేనో, తగ్గించగానే మళ్లీ వస్తుంటేనో ఇంకో రకం మందులున్నాయి. ఇందాక చెప్పిన కేకల్లో ఆరో నంబరును నోరు మూయించేది టోసిలిజుమాబ్. కరోనా రెండో వేవ్‌లో జనం రాత్రంతా ఫోన్లు చేసి వెతికిన ఇంజెక్షన్ అదే. ఒకటో నంబరును ఆపేవి అనకిన్రా, కనకినుమాబ్. 2020లో అమెరికాలో పెద్దవాళ్ల స్టిల్స్ జబ్బుకే అనుమతి పొందిన మందు కనకినుమాబ్. ఈ మందులను ఆఖరి ఆయుధంలా దాచకుండా ముందుగానే వాడమని ఇప్పటి సూచనలు. నేను ఒప్పుకుంటాను. మన దగ్గర చిక్కు డబ్బు. లారీ మీద వెళ్లే ఇంటికి అది చిన్న ఖర్చు కాదు, అందుకే స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్‌తోనే ఎక్కువమంది నెట్టుకొస్తున్నారు. టోసిలిజుమాబ్ వాడే పరిస్థితి వస్తే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. ఇంకో మెలిక ఉంది. ఆ మందు వాడేవాళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చినా ఒంట్లో మంటను చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్షలో అంకె పెరగకపోవచ్చు, జ్వరం రాకపోవచ్చు. రిపోర్టు బాగుంది కదా అని దగ్గును వదిలేయకూడదు.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు గానీ ఒకటి మీవారికి కూడా చదివి వినిపించండి. ఈ జబ్బులో పదిమందిలో ఒకరికో, అంతకన్నా కాస్త ఎక్కువమందికో కాపలా వ్యవస్థ పూర్తిగా అదుపు తప్పి సొంత రక్తకణాలనే తినేయడం మొదలుపెడుతుంది. మేం మ్యాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అంటాం. అప్పుడు రిపోర్టులు మోసం చేస్తాయి. 19,800 ఉన్న తెల్లకణాలు 4,000కి వస్తే ‘నార్మల్ అయింది’ అని సంతోషిస్తారు. ఒంట్లో మంట ఎంతుందో చూపే ఈఎస్‌ఆర్ 110 నుంచి 20కి దిగితే ఇంకా సంతోషం. కానీ మనిషి నీరసించిపోతుంటే, ఫెర్రిటిన్ పదివేలు దాటి పరిగెడుతుంటే అది తగ్గడం కాదు, ఇల్లు కాలిపోతుండటం. రోజుకొకసారి వచ్చి దిగే జ్వరం దిగడం మానేస్తే, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం వస్తే, కళ్లు పచ్చబడితే, మనిషి మాటల్లో తేడా వస్తే, ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే పొద్దున్నదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా పెద్దాస్పత్రికి వెళ్లి ‘స్టిల్స్ డిసీజ్ ఉంది, ఫెర్రిటిన్ చూడండి’ అని మీరే చెప్పండి. ఆ మూడో ఆస్పత్రి డిశ్చార్జి కాగితం ఫోటో తీసి మీవారి ఫోనులో కూడా ఉంచండి. ఆయన ఏ నాగపూర్ హైవే మీదో ఉన్నప్పుడు ఫోనులో పంపించడానికి పనికొస్తుంది.

తర్వాత చూపించుకోవడానికి మీకు దగ్గర్లో రుమటాలజిస్ట్, అంటే కీళ్ల జబ్బుల డాక్టరు ఉంటే వారి దగ్గరికే వెళ్లండి. ఎముకల డాక్టరు, కీళ్ల డాక్టరు ఒకటి కాదు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. ఇప్పుడు విజయవాడ, విశాఖలో కూడా రుమటాలజిస్టులు ఉన్నారు.

పొగాకు గ్రేడింగ్ అమ్మాయి ఏమైందని అడుగుతారేమో. టీబీ మందులు ఆపి స్టెరాయిడ్ మొదలుపెట్టిన నాలుగో రోజు సాయంత్రం ఆరున్నరకి సిస్టరమ్మ ‘98.4’ అని రాసి, పక్కన నా పేరు రాసి గీత గీసింది. ఈసారి నేను చదివాను.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఫెర్రిటిన్ 780 వచ్చింది. నెట్‌లో చూస్తే స్టిల్స్ డిసీజ్ అని కనిపించింది. జ్వరం లేదు. కీళ్ల నొప్పులు మోకాళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. అప్పటినుంచి ఇంట్లో అందరికీ టెన్షన్.

– పాఠకుడు, కరీంనగర్

జవాబు: జ్వరం లేకుండా స్టిల్స్ జబ్బు అనుకోనక్కర్లేదు. మోకాళ్లు అరిగి ఉంటాయి. లివర్‌లో కొవ్వు, షుగర్, మద్యం, ఈమధ్య వచ్చి తగ్గిన ఏ ఇన్ఫెక్షనైనా ఫెర్రిటిన్‌ని ఆ మాత్రం పెంచుతాయి. లివర్ స్కానింగ్, లివర్ పరీక్షలు, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే ఐరన్ పరీక్ష చేయించి మీ ఫిజీషియన్‌కి చూపించండి. ప్యాకేజీలో ఉంది కదా అని అడగని పరీక్షలన్నీ చేయించుకుంటే ఇలాంటి రాత్రులే మిగులుతాయి.

ప్రశ్న: మా అమ్మకు 52. స్టిల్స్ జబ్బుకు పోయిన నెల మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి ఆరు బిళ్లలు, ఫోలిక్ యాసిడ్ రోజూ ఒకటి రాశారు. ఊళ్లో మందుల షాపులో కవర్ల మీద తారుమారుగా రాసిచ్చారు. అమ్మ ఎనిమిది రోజులుగా మెథోట్రెక్సేట్ రోజుకొకటి వేసుకుంటోంది. నోరంతా పూసింది, అన్నం మింగలేకపోతోంది. మందు వేడి చేసిందా?

– కూతురు, నల్గొండ జిల్లా

జవాబు: ఈ ఉత్తరం చదివిన పది నిమిషాల్లో ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. వేడి కాదు. మెథోట్రెక్సేట్ రోజూ పడితే నోటి పొర, పేగు పొర, ఎముక మూలుగ దెబ్బతింటాయి. ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్పించారు. తెల్లకణాలు 1,400కి పడిపోయాయి. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఫోలిక్ యాసిడ్, ఫోలినిక్ యాసిడ్ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. రెండు వారాలకు ఆమె గట్టెక్కి ఇంటికి వచ్చింది.

చాలా కంపెనీల మెథోట్రెక్సేట్ బిళ్ల, ఫోలిక్ యాసిడ్ బిళ్ల రెండూ చిన్నగా పసుపు రంగులోనే ఉంటాయి. చదువురాని వాళ్లకే కాదు, కళ్లజోడు పెట్టుకోవడం మరిచిన వాళ్లకూ తేడా తెలియదు. ఇప్పుడు ఆ ఇంట్లో మెథోట్రెక్సేట్ అట్ట వంటింట్లో లేదు. కూతురు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక తనే తీసి, ఆరు లెక్కపెట్టి అమ్మ చేతిలో పోస్తోంది.